కౌంటర్ పక్క టేబుల్

మేము ఆ రెస్టారెంట్‌కి భోజనం కోసం వెళ్లలేదు. కారు టైర్లు మార్పించుకోవడానికి వెళ్లాం.

న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంట్‌కి కాస్త దూరంలో, పెద్ద రోడ్డు పక్కన, ఒకే కప్పు కింద నాలుగైదు దుకాణాలున్నాయి. ఒక చివర టైర్ల షాపు, ఇంకో చివర లాండ్రీ. ఆ శుక్రవారం సాయంత్రం మా ఆయనా నేనూ ఆఫీసు పనులు ముగించుకుని, టైర్ల పని చూసుకుని, అటునుంచి అటే మన హోటళ్లుండే ఐసెలిన్ వెళ్లి దోసెలు తిందామనుకున్నాం. శుక్రవారం దోసె మా ఇంట్లో వ్రతం లాంటిది. టైర్ల షాపతను కారును పైకి లేపేశాక, తీరిగ్గా, గంటన్నర పడుతుందన్నాడు. బయట నవంబరు వాన. ఆకలేస్తే మా ఆయన మనిషి మనిషిలా ఉండరు. పక్కనే ఆవిరి పట్టిన అద్దాల వెనక పసుపు దీపాలు కనిపించాయి. తలుపు మీద థాయ్, మలే వంటలని రాసి ఉంది.

"ఏం పెడతారో ఏంటో," అన్నారాయన. అంటూనే తలుపు తోశారు.

లోపల ఎనిమిది టేబుళ్లు. తలకి తగిలేంత కిందికి వేలాడుతున్న వెదురు బుట్టల దీపాలు. గోడ మీద చంద్రవంక తోక ఉన్న పెద్ద గాలిపటం. వేయించిన ఉల్లిపాయలు, నిమ్మగడ్డి, కాగుతున్న కొబ్బరిపాలు, అన్నీ కలిసిన వాసన ఎదురొచ్చి కోటు విప్పించింది. వంటగదికీ హాలుకీ మధ్య చిన్న కిటికీ ఉంది. అందులోంచి బక్కపలచటి మనిషి ఒకాయన మైదా ముద్దని గాల్లోకి విసిరి, తడి తువ్వాలు దులిపినట్టు దులిపి, బల్ల మీద పరుస్తున్నాడు.

మా ఆయన ముఖం విప్పారింది. "అది మన పరోటానే. పాస్‌పోర్ట్ మార్చుకుంది, అంతే."

కౌంటర్ వెనక నుంచి ఒకావిడ వచ్చింది. యాభై దాటి ఉంటుంది. చామనఛాయ, పొట్టి జుట్టు, మెడలో పూసల తాడుకి వేలాడే కళ్లజోడు. మమ్మల్ని ఒక్క క్షణం చూసి, కౌంటర్‌ని ఆనుకుని ఉన్న టేబుల్ దగ్గర కూర్చోబెట్టింది.

"తమిళావిడలా ఉంది కదూ?" అన్నారు మా ఆయన, గొంతు తగ్గించకుండానే. తెలుగువాళ్లు లేని చోట మాకు ఆ స్వేచ్ఛ ఉంటుంది. ఎదుట నిలబడి ఉన్న మనిషి గురించే ఎదుటే మాట్లాడేసుకుంటాం.

నేను ఇంగ్లీషులో అడిగాను, ఇండియా నుంచి వచ్చారా అని.

"నో లా," అని నవ్విందావిడ. "మలేషియా. పెరాక్ సైడ్. మై హస్బెండ్ ఈజ్ థాయ్. హి కుక్స్, ఐ స్కోల్డ్."

ఆ విషయం అంతటితో తేలిపోయింది. మా ఆయన ఇక పూర్తిగా గొంతు విప్పేశారు. ఆ కళ్లజోడు తాడు చూస్తే తెనాలిలో తన లెక్కల మాస్టారు గుర్తొస్తున్నారనీ, పదమూడో ఎక్కం అప్పజెప్పందే అన్నం పెట్టదేమోనని భయంగా ఉందనీ అన్నారు. ఆవిడ మంచినీళ్లు పోస్తూ మర్యాదగా నవ్వింది. తెలియని భాష విన్నప్పుడు ఎవరైనా అలాగే నవ్వుతారనుకున్నాను.

పరోటా వచ్చింది. వాళ్లు దాన్ని రోటీ చనాయ్ అంటారు. పక్కన చిన్న గిన్నెలో పల్చటి పప్పు. ముట్టుకుంటే పొరలు పొరలుగా విడిపోతోంది. తర్వాత లక్సా వచ్చింది. లక్సా అంటే కొబ్బరిపాల పులుసులో సన్నటి సేమ్యాలాంటి నూడుల్స్, మీద ఉడికించిన గుడ్డు, వేయించిన ఉల్లిపాయలు. ఈ హోటల్‌లో ఆ పులుసులోకి థాయ్ వాళ్ల నిమ్మగడ్డి, నిమ్మాకు కూడా వేస్తారు. పెనిమిటి దేశమూ పెళ్లాం దేశమూ ఒకే గిన్నెలో సర్దుకున్నాయన్నమాట. నాకు మొదటి చెంచాకే నచ్చింది.

"బాగానే ఉంది కానీ తీపెక్కువైంది," అన్నారు మా ఆయన. "కొంచెం చింతపండు పడితే దీని దుంప తెగ, ఇంకోలా ఉండేది."

కారు టైర్ల పని ఎప్పుడో అయిపోయింది. టైర్ల షాపతను షట్టర్ దించబోతూ అద్దం మీద తట్టి పిలిచేదాకా మాకు గుర్తే లేదు.

తర్వాతి శుక్రవారం కూడా అక్కడికే వెళ్లాం. లక్సాలో ఈసారి పులుపు తగిలింది. ఎక్కువా కాదు, తక్కువా కాదు, నాలిక చివర చురుక్కుమనేంత. "చూశావా? వంటవాడంటే ఇలా ఉండాలి. వారం వారం మెరుగవుతున్నాడు," అన్నారు మా ఆయన. ఆ తర్వాత వారం ఆయన పప్పులో వెల్లుల్లి తాలింపు లేదని బాధపడ్డారు. నెల తిరక్కుండా పప్పులో తాలింపు కనిపించింది, ఎండుమిర్చితో సహా. టీ చల్లగా ఇస్తున్నారని నేను సణిగితే, ఆ తర్వాత నా కప్పు పొగలు కక్కుతూ వచ్చింది. మాకు అనుమానం రాలేదు. అదృష్టం కలిసొచ్చినప్పుడు ఎవరూ కారణాలు వెతకరు కదా.

ఒక్క విషయంలోనే మా ఆయనకి అసంతృప్తి. ఎంత ఖాళీగా ఉన్నా ఆవిడ మమ్మల్ని కిటికీ దగ్గర కూర్చోనిచ్చేది కాదు. "రిజర్వ్‌డ్," అనేది. ఆ కిటికీ టేబుల్‌కి ఎవరూ వచ్చేవారు కాదు. "మనం టిప్ బాగానే ఇస్తున్నాం కదా! ఎప్పుడూ ఈ కౌంటర్ పక్కనే ఎందుకు పడేస్తుందీవిడ?" అని ఆయన వారం వారం గొణిగేవారు. ఆవిడ పక్కనే నిలబడి చెంచాలు తుడుచుకుంటూ ఉండేది. ఎన్ని చెంచాలు తుడిచేదో! తుడిచిన చెంచాలే మళ్లీ తుడిచేది.

ఆ చలికాలమంతా మేము ఆ టేబుల్ దగ్గరే బతికాం. మా అమ్మాయి సియాటిల్‌లో ఉద్యోగం చేస్తోంది. మమ్మల్ని కూడా అక్కడికి వచ్చేయమని ఒకటే పోరు. మా ఆయనకి ఇంటి నుంచి చేసే ఉద్యోగమే, ఎక్కడైనా ఒకటే, వెళ్లిపోదామంటారు. నేను మందుల కంపెనీ ల్యాబ్‌లో పని చేస్తాను, నా పని ఇంటికి రాదు. నాకు వెళ్లాలనీ ఉంది, వెళ్లొద్దనీ ఉంది. ఈ వాదనంతా లక్సా ముందే నడిచింది. ఒకసారి నేను కళ్లనీళ్లు పెట్టుకుంటే, అడగకుండానే ఆవిడ సగ్గుబియ్యం పాయసం లాంటిది తెచ్చి పెట్టింది. తాటిబెల్లం పాకం పోసిన చల్లటి పాయసం. "ఆన్ ది హౌస్," అని వెళ్లిపోయింది. పాపం, ముఖం చూసి అర్థం చేసుకుందనుకున్నాను.

మార్చిలో ఒక శుక్రవారం మా ఆయన జేబులో కందిపొడి పెట్టుకొచ్చారు.

అది ఎలాంటి పనో చెప్పాలి. ఆ హోటల్‌లో నాసి లెమాక్ అని కొబ్బరిపాలతో వండిన అన్నం పెడతారు. పక్కన వేరుశనగలు, దోసకాయ ముక్కలు, ఎర్రటి కారం ముద్ద. ఆ అన్నం వేడివేడిగా వచ్చిన ప్రతిసారీ ఈయన, "దీంట్లో కందిపొడి పడితేనా!" అని నిట్టూర్చేవారు. ఆఖరికి ఆ కోరిక తీర్చుకుందామని, నేను ఇంట్లో కొట్టిన పొడిని ఖాళీ విటమిన్ మాత్రల సీసాలో పోసి, కోటు జేబులో దాచి తెచ్చారు. పరాయి హోటల్‌లో మన డబ్బా తెరవడం ఏం మర్యాద అని నేను మొత్తుకున్నాను.

"ఎవరికి తెలుస్తుంది? విటమిన్ అనుకుంటారు," అని సీసా మూత తీశారు.

వేయించిన కందిపప్పు, జీలకర్ర, వెల్లుల్లి. వేడన్నం మీద పడగానే ఆ వాసన గుప్పుమని లేచి, కౌంటర్ దాకా వెళ్లింది. చెంచాలు తుడుస్తున్న చెయ్యి ఆగిపోయింది. ఆవిడ మా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడింది. మా ఆయన సీసాని గుప్పిట్లో దాచి, "మెడిసిన్," అన్నారు.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఆయన కంచంలోకి వంగి చూసింది.

"కందిగుండ," అంది.

మా ఆయన తెల్లబోయారు. "ఏంటి? నన్ను గూండా అంటోందా?" అన్నారు నాతో. "కంచంలో పొడి వేసుకుంటే గూండానా?"

నా ఒళ్లు ఝల్లుమంది. ఆవిడ తెలుగు మాట్లాడినందుకు కాదు, ఆ మాట అన్నందుకు. శ్రీకాకుళం దగ్గర మా ఊళ్లో పొడిని గుండ అంటాం. కందిగుండ, ఉలవగుండ, పసుపుగుండ. గుంటూరులో చదువుకోవడానికి వెళ్లి, హాస్టల్లో మొదటి వారం "గుండుందేటి?" అని అడిగితే, అమ్మాయిలు పొట్ట పట్టుకుని నవ్వారు. అప్పటి నుంచి నా నోట్లోని గుండ పొడి అయింది, ఏటి ఏంటి అయింది, బేగి రా తొందరగా రా అయింది. తెనాలి అబ్బాయిని చేసుకున్నాక ఆ మార్పు పూర్తయింది. అలాంటిది, న్యూజెర్సీలో, టైర్ల షాపు పక్కన, ఒక మలేషియావిడ నోట్లోంచి కందిగుండ!

"మీకు... తెలుగొచ్చా?" అన్నాను.

ఆవిడ ముఖం సిగ్గుతో నల్లబడిందో ఎర్రబడిందో ఆ దీపాల వెలుగులో తెలియలేదు. కొంగు లేకపోయినా, కొంగు కోసం వెతికినట్టు ఏప్రన్ అంచు పట్టుకుంది.

"వొచ్చును. మా అమ్మమ్మ మాటాడీది. నాను సిన్నపుడు ఇంట్లో అదే. మరి ఇప్పుడు ఎవులున్నారు మాటాడ్డానికి?" అంది.

మా ఆయన నెమ్మదిగా సీసా మూత పెట్టారు. నవంబరు నుంచి మార్చి దాకా తాను పేల్చిన జోకులన్నీ ఆయన కళ్ల ముందు వరసకట్టి నిలబడ్డాయని ముఖమే చెబుతోంది.

"అయితే మేం మాట్లాడుకున్నవి... మీకు..." అని నసిగారు.

"అన్నీ ఇన్నాను," అందావిడ. చేతులు కట్టుకుని, కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, నిజంగానే లెక్కల మాస్టారిలా చూసింది. "ఏదీ, పదమూడో ఎక్కం సెప్పండి."

నాకు నవ్వు తన్నుకొచ్చింది. మా ఆయన లేచి నిలబడ్డారు, నిజంగా. "పదమూడు ఒకట్ల పదమూడు, పదమూడు రెళ్ల ఇరవై ఆరు..." అని మొదలుపెట్టారు. అయిదు దగ్గర తడబడితే ఆవిడే అందించింది. పక్క టేబుల్ అమెరికన్ దంపతులు ఏదో పుట్టినరోజు పాట అనుకున్నారేమో, చప్పట్లు కొట్టారు.

అప్పుడు అన్నీ ఒకటొకటిగా అర్థమయ్యాయి. లక్సాలో పడిన చింతపండు, పప్పులో తాలింపు, నా వేడి టీ. ఆవిడ విని, వంటగదిలోకి వెళ్లి, భర్తతో పోట్లాడి మరీ చేయించిందట. కిటికీ టేబుల్ మాకు ఎందుకివ్వలేదో కూడా చెప్పింది.

"అక్కడ కూకుంటే నాకు ఇనబడదు కదా," అంది మామూలుగా. "శుక్రోరం వొస్తాదని సూస్తాను. మీరు మాటాడతావుంటే రేడియో ఎట్టుకున్నట్టుగుంటాది."

"మరి మొదటి రోజే చెప్పొచ్చు కదండీ," అన్నాను.

"ఏటి సెప్పను? మీది సినిమా తెలుగు. నాది తోటలో తెలుగు. నవ్వుతారు." ఏప్రన్ అంచు మడుస్తూ, "సెప్పీస్తే మీరు మళ్లీ అలగ మాటాడరు కదా," అంది.

నేను నోరు తెరిచాను. నా నోట్లోంచి వచ్చింది నాకే కొత్తగా వినిపించింది. "నవ్వుతానేటి? మాదీ అదే మాట. నానూ అటేపు మనిసినే."

ఆవిడ ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుండిపోయింది. వంటగది కిటికీలోంచి ఆవిడ భర్త తొంగిచూసి, రెండు సార్లు గంట కొట్టాడు. రెండు టేబుళ్ల ఆర్డర్లు కిటికీ దగ్గర చల్లారిపోతున్నాయి. ఆఖరికి ఆయనే గరిటె పట్టుకుని బయటికొచ్చి, భార్య చెయ్యి నా చేతిలో ఉండటం చూసి, ఆ ప్లేట్లు తనే పట్టుకెళ్లి ఇచ్చాడు.

ఆవిడ కథ ఆ రోజూ, తర్వాతి శుక్రవారాల్లోనూ ముక్కలు ముక్కలుగా విన్నాం. వాళ్ల ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి మలేషియా రబ్బరు తోటల్లో పనికి వెళ్లాడట.

"మా తాతోళ్లు కప్పల్లో వొచ్చినారు," అంది.

మా ఆయన చెంచా దించేశారు. "కప్పల్లోనా?"

"అవును. పెద్ద కప్పల్. సముద్రం మీద." ఆవిడ చేత్తో అలలు చూపించింది. మలే భాషలో, తమిళంలో కూడా కప్పల్ అంటే పడవని నాకు అప్పుడు తట్టింది.

"ఓడ," అన్నాను.

"ఓడ!" అంది. ఆ మాటని నోట్లో పెట్టుకుని చప్పరించినట్టు మళ్లీ అంది. "ఓడ. అమ్మమ్మ ఓడనీది. ఎక్కడో పడిపోనాది ఆ మాట." చాలాసేపటి దాకా, ఇతర టేబుళ్ల దగ్గర నీళ్లు పోస్తూ కూడా, తనలో తను అనుకుంటూనే ఉంది.

తోటలో చుట్టూ తమిళులు, బళ్లో మలే, ఇంట్లో మాత్రం అమ్మమ్మ తెలుగు. అమ్మమ్మ పోయాక అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ ఇంగ్లీషులోకి మళ్లారు. ఈవిడ హోటల్ పని నేర్చుకుని న్యూయార్క్ వచ్చి, ఒక వంటగదిలో ఆ థాయ్ ఆయన్ని కలిసింది. ఒకరి భాష ఒకరికి రాదు. ఆయన చేసిన పచ్చిమిర్చి కొబ్బరిపాల కూరలో ఈవిడ పరోటా ముంచుకు తినడంతో ప్రేమ మొదలైందని ఆయన చెప్పాడు. కాదు, గిన్నెలు సరిగ్గా కడగలేదని తను తిట్టినప్పుడు మొదలైందని ఈవిడ అంది.

వసంతంలో నా ల్యాబ్‌లో పని ఎక్కువై మేము రెండు శుక్రవారాలు వెళ్లలేకపోయాం. మూడో వారం తలుపు తీయగానే ఆవిడ చెంచాలు వదిలేసి ఎదురొచ్చింది. ఆ రోజు ముఖంలో నవ్వు లేదు.

"సియాటిల్ ఎల్లిపోనారనుకున్నాను. సెప్పకుండా ఒగ్గీసినారనుకున్నాను."

"లేదు లేదు, ఎక్కడికీ వెళ్లలేదు," అన్నారు మా ఆయన కంగారుగా. "వెళ్లినా మీకు చెప్పకుండా వెళ్తామా?"

"మరి ఏటి తేల్చినారు? మొన్న సగంలో లేచిపోనారు కదా, మీరు ఎల్దామన్నారు, ఈమె ఉద్యోగమంది. తరవాత ఏటయింది?" అని కుర్చీ లాక్కుని కూర్చుంది. సీరియల్‌లో ఒక భాగం తప్పిపోయిన మనిషిలా ఉందావిడ. మా సంసారాన్ని ఇంత శ్రద్ధగా విన్నవాళ్లు మా చుట్టాల్లో కూడా లేరు. నేను మొత్తం చెప్పాను. నేను రిటైరయ్యేదాకా ఇక్కడే ఉండాలని ఆ వారమే తేల్చుకున్నాం. నిజానికి నా వాదనలో కొత్త బలం ఎక్కడి నుంచి వచ్చిందో మా ఆయనకి తెలుసు, కానీ పైకి అనలేదు.

సోమవారాలు ఆ హోటల్‌కి సెలవు. మే నెలాఖరులో అందరికీ సెలవొచ్చిన సోమవారం ఆవిడ మమ్మల్ని భోజనానికి పిలిచింది. వాళ్ల అమ్మమ్మ చేసే కూర ఒకటి ఉందట, పేరు గుర్తులేదు, ఎవరిని అడగాలో తెలియదు. పనసకాయని సన్నగా నరికి వండేదట, తింటుంటే ముక్కు మండేదట. అంతే చెప్పగలిగింది. ముక్కు మండేదనగానే నాకు తెలిసిపోయింది, ఆవ పెట్టిన పనసపొట్టు. థాయ్ వంటల కోసం వాళ్ల దగ్గర లేత పనస డబ్బాలు ఎలాగూ ఉన్నాయి. నేను ఇంటి నుంచి ఆవాలు తీసుకెళ్లాను. ఖాళీ హోటల్‌లో, ఆవిడ భర్త వంటగదిలో, ఆయన రోట్లోనే ఆవ నూరాను. ఆయన పక్కన నిలబడి, పిల్లి పాలగిన్నెని చూసినట్టు చూస్తున్నాడు. ఆవ ఘాటు కళ్లకెక్కి ఆవిడతో సహా ముగ్గురం తుమ్మాం.

కూర దించాక ఆవిడ మూకుట్లోంచే చిటికెడు తీసి నోట్లో వేసుకుంది. కళ్లు మూసుకుంది. నేను ఏమంటుందోనని చూస్తున్నాను.

"ఉప్పు సాల్లేదు," అంది.

మేమిద్దరం నవ్వి నవ్వి గోడకి జారబడ్డాం. తర్వాత ఉప్పు వేసి మళ్లీ ఇస్తే, రెండోసారి కూడా వడ్డించుకుని తింది. ముక్కు తుడుచుకుంది. అది ఆవ ఘాటే అనుకోమని మా ఆయన నాకు సైగ చేశారు. ఆ మధ్యాహ్నమంతా మేమిద్దరం ఆగకుండా మాట్లాడుకున్నాం. నా వేగం పెరిగేకొద్దీ నా భాష పాత దారిలోకి దూకింది. మా ఆయనకి సగం కూడా అర్థం కాలేదు. ఆయన్ని చూసి థాయ్ ఆయన భుజం తట్టి, "వెల్‌కమ్ టు మై లైఫ్," అన్నాడు. ఇద్దరూ పళ్లేలు పట్టుకుని కిటికీ టేబుల్ దగ్గరికి వెళ్లి కూర్చుని, ఫోన్‌లో బేస్‌బాల్ చూసుకున్నారు.

ఇంటికొచ్చేటప్పుడు కారులో మా ఆయన అడిగారు, "ఇన్నేళ్లూ ఈ మాటలన్నీ ఎక్కడ పెట్టావు?"

"మీరు నవ్వుతారని," అన్నాను.

"నేను నవ్వేవాణ్ణే," అని ఒప్పుకున్నారు. "ఇప్పుడు మాట్లాడు. నాకూ నేర్పు. పొద్దున్నుంచీ బేగి, బేగి అంటున్నారిద్దరూ, అదేదో మనిషి పేరనుకుని వస్తాడని చూస్తూ కూర్చున్నాను," అన్నారు.

నవంబరులో థాంక్స్‌గివింగ్ సెలవులకి మా అమ్మాయి వచ్చింది. దానికి తెలుగు వస్తుంది, కానీ మాట్లాడదు. చిన్నప్పుడు హైదరాబాద్ వెళ్తే చుట్టాల పిల్లలు దాని యాసని వెక్కిరించారు. అప్పటి నుంచి ఏదడిగినా ఇంగ్లీషులోనే జవాబు. నేను ఎంత బతిమాలినా లాభం లేకపోయింది. శుక్రవారం దాన్ని హోటల్‌కి తీసుకెళ్లాం. ఆవిడకి దాని గురించి మొత్తం తెలుసు, ప్రమోషన్ దగ్గర్నుంచి పన్ను నొప్పి దాకా.

"ఒలే గుంటా, వొచ్చినావా! ఎలగున్నావు?" అంటూ దాన్ని రెండు చేతులా పట్టుకుంది.

మా అమ్మాయి నా వైపు చూసింది. మా వైపు గుంట అంటే ఆడపిల్ల. ఆ తెలుగు దానికి సగం కొత్త. అది దాని ముందు నేను ఎన్నడూ మాట్లాడని తెలుగు.

"హాయ్ ఆంటీ," అంది జాగ్రత్తగా.

"ఆంటీ ఏటి, పిన్నీ అను."

"పిని," అంది మా అమ్మాయి. దాని నాలుక మీద ఆ రెండు న-లు ఒకటే అయ్యాయి. ఆవిడ పట్టించుకోలేదు. మెనూ ఇచ్చి, ఏమి తింటావని అడిగింది. మా అమ్మాయి ఇంగ్లీషులో మొదలుపెట్టబోయి, ఎందుకో ఆగింది.

"నాకు రోటీ కావాలి. అండ్... కారం తక్కువ వేస్తావా? ప్లీజ్?"

మామూలుగా అయితే, పెద్దవాళ్లని వేస్తారా అనాలమ్మా, అని మా ఆయన సరిదిద్దేవారు. నేను టేబుల్ కింద ఆయన కాలు తొక్కాను.

"ఏస్తాను, ఏస్తాను. కారం అసలు ఎయ్యను. సియాటిల్‌లో ఏటి తింటన్నావు? సిక్కిపోనావు."

"సిక్... చిక్కి? సారీ, వాట్ ఈజ్ దట్?"

ఆవిడ తన రెండు బుగ్గలూ లోపలికి పీల్చి చూపించింది. మా అమ్మాయి గట్టిగా నవ్వింది. ఈసారి ఆవిడ ఒక మాటకి తడబడింది. ఫోర్క్‌ని తెలుగులో ఏమంటారని అడిగింది. "ఐ డోంట్ నో, పిన్నీ. ముళ్లు... ముళ్ల చెంచా?" అంది మా అమ్మాయి. దానికీ ఖచ్చితంగా తెలియదు, ఆవిడకీ తెలియదు. ఆ మాట సరిపోతుందని ఇద్దరూ ఒప్పుకున్నారు.

తర్వాత మా అమ్మాయి కుర్చీని కౌంటర్ వైపు తిప్పుకుంది. ఆఫీసులో బాస్ సంగతి, రూమ్మేట్ పిల్లి సంగతి, సియాటిల్ వాన సంగతి చెప్పుకొచ్చింది. క్రియలు ఎక్కడో, విభక్తులు ఎక్కడో, మధ్యలో ఇంగ్లీషు. ఆవిడ మధ్యలో తమిళం ముక్కా మలే ముక్కా వేస్తూ జవాబిస్తోంది. ఇద్దరిలో ఎవరూ ఎవరినీ దిద్దలేదు. మా ఆయన నా వైపు తిరిగి ఏదో అనబోతే, నేను వేలు పెదాల మీద పెట్టాను. వాళ్ల మాటలు వినడానికి చెంచా కూడా చప్పుడు కాకుండా పెట్టి, నేను లక్సా తింటూ కూర్చున్నాను. వంటగది కిటికీ దగ్గర గంట మోగింది. ఎవరూ లేవకపోతే, మా ఆయనే లేచి వెళ్లి రోటీ పళ్లెం తెచ్చారు.